సాయంత్రం లేని సందె

జూన్ 3

ఈరోజు స అక్షరం మొదలుపెట్టాం. పదకొండేళ్ళుగా ఈ నిఘంటువు ఆఫీసులో అదే కిటికీ పక్కన, అదే కుంటి బల్ల ముందు కూర్చుని, అ నుంచి ష దాకా ఈడ్చుకొచ్చాను. స, హ అయితే పని అయిపోయినట్టే.

ప్రధాన సంపాదకుడు సెప్టెంబరు ఆఖరుకి రిటైరవుతున్నాడు. నాలుగు మాటలకోసారి ఆగుతాడని ఆఫీసంతా ఆయన్ని కామా గారంటాం. మీటింగులో కూడా అలాగే ఆగి ఆగి చెప్పాడు. ఆయన కుర్చీ నాకో చెల్లెలికో వస్తుందట. స అక్షరం ఎవరెలా చేస్తారో చూసి తేలుస్తారట. "ఇద్దరూ ఆయన కూతుళ్ళే కదా, ఎవరైతేనేం," అన్నాడు. ఆయన అంటే మా నాన్న. జీతం లేకుండా నలభై ఏళ్ళు ఈ నిఘంటువుకి మాటలు ఏరి, చీటీల మీద రాసి ఇచ్చిన మనిషి.

ఎవరైతేనేమా? నేను పదకొండేళ్ళ నుంచి ఉన్నాను. అది వచ్చి రెండేళ్ళు. మొగుడు వదిలేస్తే కూతుర్ని చంకనేసుకుని నా ఇంటికి వచ్చింది, నాన్న పేరు చెప్పుకుని నా ఆఫీసుకి వచ్చింది. దాని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కుర్చీ వస్తే అదీ అవుతుంది. రాకపోతే నా ఇంట్లో, నా వంటింట్లో, నా కళ్ళ ముందే.

జూన్ 5

సందె దగ్గర పేచీ వచ్చింది.

ఇందులో పేచీకి ఏముందసలు? సంధ్య అంటే కలయిక, పగలూ రాత్రీ కలిసే చోటు. అది జనం నోట్లో పడి సందె అయింది. సంధ్యకు మూడు పూటలున్నాయి, సందెకు సాయంత్రం ఒక్కటే. ఆ వేళకి చేసే ప్రార్థనకి ఆ వేళ పేరే వచ్చింది. పాలు పోసే గిన్నెని పాలగిన్నె అన్నంత తేలిక.

చిన్నది ఒప్పుకోదు. బాగా ధ్యానించే వేళ కాబట్టి సంధ్య అన్నారని పాతకాలం పండితులు చెప్పిన ఇంకో వ్యుత్పత్తి ఉంది. దాన్ని పట్టుకుంది. జనం నోట్లో సందె అంటే మొదట ప్రార్థనేనట, వేళ తర్వాతట. "నాన్న రోజూ సందె చెప్పుకుంటున్నాను, కదిలించకండి అనేవాడు. వేళని ఎవరైనా ఎలా చెప్పుకుంటారు?" అని అడిగింది. మీటింగులో అందరూ దాని వైపే చూశారు. అది అలాగే మాట్లాడుతుంది, మెత్తగా, ఎదుటివాళ్ళకి తామే కనిపెట్టినట్టు అనిపించేలా.

కామా గారికి ముచ్చటేసింది. అయినా లొంగలేదు. సాయంత్రం చెప్పుకునేది కాబట్టి సందె అన్నాడేమో కదమ్మా అన్నాడు. తర్వాత ఆగి, "సాయంత్రం లేని చోట సందె ఒక్కటి చూపించు. ఎవరైనా అలా అన్న ఒక్క ప్రయోగం. ప్రార్థననే మొదటి అర్థంగా వేద్దాం, వ్యుత్పత్తి నువ్వే రాద్దువుగాని," అన్నాడు.

ఆ మాటకి అర్థం కుర్చీ అని గదిలో అందరికీ తెలుసు.

జూన్ 8

చిన్నది స సొరుగులన్నీ తిరగేస్తోంది. దుమ్ముకి ముక్కు ఎర్రబడింది. నాన్న చీటీలు తీసేటప్పుడు రెండు చేతులతో తీస్తుంది. బీరువాల గది చూసుకునే ఆవిడ నాతో, మీ చెల్లెలికి తండ్రంటే ఎంత ప్రాణమో అంది. ప్రాణమే మరి. అందుకే నాన్న మంచాన పడ్డ నాలుగేళ్ళలో రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

జూన్ 9

కడుపులో మంట. మాత్ర వేసుకున్నాను.

జూన్ 12

నాన్న దస్తూరీ రాసి మూడేళ్ళయింది. చెయ్యి మరిచిపోలేదు.

ఆఖరి నాలుగేళ్ళు నాన్నకి చూపు లేదు. ఆ సంగతి నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. చిన్నది వచ్చిన రెండుసార్లూ కళ్ళు మూసుకునే మాట్లాడాడు. ఆఫీసుకి తెలిస్తే తన చీటీలు తీసుకోవడం మానేస్తారని భయపడ్డాడు. ఆయన చెప్తే నేను రాసేదాన్ని. నా అక్షరం పనికిరాదన్నాడు, అచ్చం తనదే రావాలన్నాడు. నెల రోజులు చిన్నపిల్ల చేత దిద్దించినట్టు దిద్దించాడు. ళ దగ్గర మెలిక, త తోక కిందికి లాగడం. నలభై దాటిన దాన్ని, పగలంతా ఆఫీసులో రాసి, సాయంత్రం ఆయన మంచం పక్కన రాసి. ఆ చీటీలు ఆయన పేరు మీదే వెళ్ళాయి. సంపుటం ముందుమాటలో ఆయన పేరే పడింది. పడాలి కూడా. నేను బాధపడలేదు.

ఇవాళ పాత ఖాళీ చీటీ ఒకటి తీసి రాశాను. తెల్లవారుజామున పడవెక్కే ముసలామె మాటగా: "పొద్దు పొడవకముందే సందె చెప్పేసుకుని బయల్దేరా." కింద, మౌఖికం అని. అంటే నోటి మాటగా విన్నది అని. పుస్తకంలోంచి తీసిన చీటీకైతే పుస్తకం తెచ్చి చూపించాలి, మౌఖికానికి ఏరినవాడి మాటే ఆధారం. నాన్న మాటని ఎవరూ ఎన్నడూ ప్రశ్నించలేదు.

చివర తేదీ వేశాను. నవంబరు 21.

నాన్న పోయింది అదే ఏడాది నవంబరు 9న.

జూన్ 13

ఇందులో మోసం ఏమీ లేదు. ఇది పరీక్ష. తండ్రి పోయిన తేదీ గుర్తున్న కూతురు ఎవరైనా ఆ చీటీ చూడగానే ఉలిక్కిపడుతుంది. గుర్తుంటే నన్ను అడుగుతుంది, నేను నవ్వేసి చింపేస్తాను. గుర్తులేకపోతే అది నా తప్పు కాదు. సంపాదకురాలు తేదీ చూడకుండా చీటీ వాడకూడదు. ఇది పనిలో మొదటి పాఠం.

సొరుగులో పెట్టాను, ఆరో వరుసలో, సందు అనే మాట చీటీల పక్కన.

జూన్ 14

దొరికింది దానికి.

బీరువాల గదిలోంచి నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది, చీటీని అరచేతిలో పెట్టుకుని. నా మెడ కావలించుకుని ఏడ్చింది. "నాన్న నాకోసం పెట్టి వెళ్ళాడే అక్కా," అంది. దాని కన్నీళ్ళు నా భుజం మీద పడి జాకెట్టు తడిసింది. తేదీ దాని బొటనవేలి కింద ఉంది.

జూన్ 15

రేపు చెప్తాను.

జూన్ 16

సాయంత్రం నాకో పెన్ను కొనుక్కొచ్చింది. దాని కూతురు ఆ పెన్ను డబ్బా మీద పెద్దమ్మకి అని రాసింది. రేపు చెప్తాను. పెన్ను బాగానే రాస్తోంది, కాస్త లావు.

జూన్ 17

చెప్పలేదు. రోజంతా వాన.

జూన్ 24

సందె పేజీ ఖాయమైంది. మొదటి అర్థం: ప్రార్థన. కింద నాన్న పేరుతో పడవ ముసలామె మాట. వ్యుత్పత్తి అంతా చిన్నది రాసింది. బాగా రాసింది. అది కూడా ఒప్పుకోనంత కుళ్ళుబోతుదాన్ని కాను. కలయిక అనే వాదాన్ని ఎక్కడా కించపరచలేదు, దాని బలమేమిటో చెప్పి, పక్కన తన వాదాన్ని పెట్టింది. కామా గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి కుర్చీ ఖాళీ చేయాలన్న తొందర కూడా ఉంది. ఎల్లుండి కమిటీకి దాని పేరు పంపిస్తానన్నాడు.

పది రోజులు చూశాను. పది రోజుల్లో ఒక్కసారి కూడా ఆ చీటీ కింద భాగం చదవలేదు. అలాంటిదాని చేతికా నిఘంటువు?

జూన్ 25

కామా గారి గదికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. నాకు చాలా బాధగా ఉందండీ అన్నాను. నిజంగానే బాధగా ఉంది. తేదీ చూపించాను.

చాలాసేపు ఆగాడు. ఈసారి ఆ కామా తర్వాత ఏమీ రాలేదు.

జూన్ 27

కమిటీ కూర్చుంది. పొడుగు బల్ల, ఐదుగురు, మధ్యలో ఆ చీటీ.

నన్ను అడిగారు, ఇది మీ నాన్నగారి దస్తూరీయేనా అని. కాదన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. అది నాన్న దస్తూరీ కాదు.

మరి ఎవరిది? కామా గారే గొంతు సవరించుకుని, నా కంటికి పెద్దాయన రాతలాగే ఉంది, ఆయనే ఆఖరి రోజుల్లో తేదీలు ముందే వేసి పెట్టుకుని, ఇంట్లో కూర్చుని, ఇలాంటివి అల్లేవాడేమో అన్నాడు. అదే నిజమైతే ఆయన నలభై ఏళ్ళ చీటీలన్నీ అనుమానించాల్సిందేనని, మొదటి పేజీలోంచి పేరు తీసెయ్యాల్సి వస్తుందని పక్కాయన అందుకున్నాడు.

చిన్నది అప్పటిదాకా తల దించుకునే ఉంది. చీటీని తనవైపు లాక్కుని చూసింది. ఆ పది రోజుల్లో చూడనంత సేపు చూసింది. తల ఎత్తి నా వైపు చూసింది. నా చేతుల వైపు.

"నేనే రాశాను. నాన్నకి సంబంధం లేదు," అంది.

ఎందుకు రాశావని అడిగితే కుర్చీ కోసమంది. తేదీ సంగతేమిటంటే చూసుకోలేదంది. అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయారు. సాయంత్రానికి కాగితం ఇచ్చేశారు, రేపటి నుంచి రానక్కర్లేదని.

ఒప్పుకుంది కదా. ఏ తప్పూ లేని మనిషి ఎందుకు ఒప్పుకుంటుంది?

జూన్ 28

పొద్దున చిన్నది వంటింట్లో నిలబడి అడిగింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఎందుకు రాశావని అడగలేదు. నాన్న అక్షరం నీకెలా వచ్చింది అని అడిగింది. చెప్పేశాను. నాలుగేళ్ళు చూపు లేదు, ఆయన చెప్తే నేను రాశాను, ఎవరికీ తెలియకూడదన్నాడు. నాక్కూడానా అంది. నీకు ముఖ్యంగా అన్నాను. అదీ నిజమే. చిన్నదానికి తెలిస్తే అక్కడ అన్నం మానేసి ఏడుస్తుందని నాన్నే అన్నాడు. ఆ రెండో ముక్క నేను చెప్పలేదు.

కుర్చీలో కూర్చుంది. "మరి నాకు వచ్చిన ఉత్తరాలు?" అంది.

ఆ నాలుగేళ్ళూ నాన్న దానికి నెలకో ఉత్తరం రాశాడు. మొగుడితో పడలేని రోజుల్లో వాటిని దిండు కింద పెట్టుకుని పడుకున్నానని, అవి లేకపోతే ఎప్పుడో ఏ నుయ్యో చూసుకునేదాన్నని తనే నాతో చెప్పింది. ఇప్పటికీ బట్టల పెట్టెలో అడుగున ఉన్నాయి.

"అవీ నా చేత్తోనే," అన్నాను.

"చేత్తో సరే. మాటలు నాన్నవేనా అక్కా? అన్నీ ఆయన చెప్తేనే రాశావా?"

ప్రతి మాటా ఆయనదే. నేను ఒక్క అక్షరం కలపలేదు. బంగారుకొండా అని ఆయన చెప్తుంటే పళ్ళు బిగించి బంగారుకొండా అని రాశాను. అవునని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. వెళ్ళి దించాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఇంకా నా మొహం వైపే చూస్తోంది. నేను గిన్నెలు సర్దుకున్నాను.

జూలై 2

వెళ్ళిపోయారు. పిల్ల పెద్దమ్మా నువ్వు రావా అంది. చిన్నది పెట్టె తీసుకుంది, ఉత్తరాల కట్ట తీసుకోలేదు. మంచం మీద పెట్టి వెళ్ళింది, ముడి కూడా విప్పకుండా.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎన్నాళ్ళకో నా గది నాకు వచ్చింది.

జూలై 3

ప్రశాంతంగానే ఉంది.

జూలై 9

కుర్చీ నాదేనని కాగితం వచ్చింది. అందరూ నమస్కారాలు పెట్టారు. బీరువాల గది ఆవిడ పెట్టలేదు, వంగి ఏదో వెతుక్కుంటోంది.

కామా గారు వెళ్ళే ముందు ఒక పని మిగిలిందన్నాడు. భూతద్దం తెచ్చి, ఆ దొంగ చీటీ పక్కన పెద్దాయన చీటీలు పరిచాడు. పాతవి వేరు. ఆఖరి నాలుగేళ్ళవి మాత్రం ఆ దొంగ చీటీ దస్తూరీయే, త తోకతో సహా. అంటే ఆ నాలుగేళ్ళ చీటీలూ దొంగవే. నాన్న అసలు చీటీలు తీసేసి, చిన్నది తనవి రాసి పెట్టి ఉంటుందని కమిటీ తేల్చింది. అన్ని వేల చీటీలు ఎవరి కంటా పడకుండా రెండేళ్ళలో ఎవరు రాయగలరని ఒక్కరూ అడగలేదు. ఐదుగురూ పండితులు.

రెండువేల ఆరువందల నలభై. అన్నీ ఏరి పారేయాలి. కొత్త ప్రధాన సంపాదకురాలి మొదటి పని అది.

నేను తల ఊపాను.

జూలై 11

చిన్నది ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎవరు చెప్పారో దానికి.

"నా సంగతి వదిలెయ్. అవి నాన్న మాటలు. ఆయన చెప్తే నేను రాశానని ఒక్క మాట అను, అక్కా. లేకపోతే ఆయన నాలుగేళ్ళు ఊరికే పోతాయి. నీ నాలుగేళ్ళు కూడా."

నిజమే. ఆ ఒక్క మాట అంటే చీటీలు బతుకుతాయి. ఆ మాటే అంటే ఆ దొంగ చీటీ ఎవరి చేతిదో కూడా తేలిపోతుంది. ఈ మొదటిదానికి రెండోదానికి మధ్య వెంట్రుక దూరం లేదు. నాకు పనుంది, తర్వాత మాట్లాడతానన్నాను.

జూలై 15

అ, ఆ అయ్యాయి. నూట పన్నెండు.

జూలై 22

క లో నాన్న చెప్పిన ఒక తిట్టు దొరికింది. అది చెప్పి ఆయనే సిగ్గుపడి, రాయకులే అన్నాడు. నేనే రాశాను, ఇద్దరం నవ్వుకున్నాం. గోతాంలో వేశాను.

చిన్నది అన్నది ఒక్కటి మాత్రం తప్పు. నావి నాలుగేళ్ళు ఊరికే ఎందుకు పోతాయి? నాకు గుర్తున్నాయి కదా. అది చాలు.

ఆగస్టు 6

అన్నీ అయ్యాక, ఆఖరికి మిగుల్చుకున్న చ సొరుగు. చెప్పుకొను.

ఈ చీటీ ఇక్కడ ఉంటుందని నాకు తెలుసు. నేనే ఇక్కడ పెట్టాను. సందె చెప్పుకొను అనే మాటని నామవాచకం కింద పెట్టొచ్చు, క్రియ కింద పెట్టొచ్చు. క్రియ కింద పెట్టడం తప్పేమీ కాదు. స సొరుగులే తిరగేసినవాళ్ళకి కనపడకపోతే నేనేం చేసేది?

తేదీ నవంబరు 9. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటింది. బయట ఎండ మండిపోతోంది. పక్క వీధిలో ఎవరో ఇనుప గేటుకి సుత్తితో కొడుతున్నారు. నాన్న చాలాసేపు పెదవులు కదిపి, ఆపి, నన్ను పిలిచాడు. ఏం నాన్నా అంటే చెప్పాడు. చెప్పి, తనే చిన్నగా నవ్వి, "ఇది రాసెయ్యవే పెద్దదానా, మంచి ప్రయోగం," అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. రాశాను. త తోక సరిగ్గానే కిందికి దిగింది.

"సాయంత్రం దాకా ఉండనేమోనని మిట్టమధ్యాహ్నమే సందె చెప్పేసుకున్నా. అందులో ఎక్కువసార్లు చిన్నదాని పేరే వచ్చింది. అది వస్తే చెప్పు."

మౌఖికం. చెప్పినవారు: స్వయంగా.

సాయంత్రం లేని చోట సందె. దొంగ చీటీ అక్కర్లేకుండానే చిన్నది గెలిచేది. వాడుకలో ప్రార్థనే మొదటిదన్న దాని వాదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇది చూపించి ఆ ఒక్క మాట అంటే నిఘంటువులో పేజీ మారుతుంది, దానికి ఉద్యోగం తిరిగి వస్తుంది, ఆ ఉత్తరాలు ఎవరివో దానికి తెలిసిపోతుంది. ఒక్క చీటీ.

నాన్న ఆఖరి ఊపిరిలో ఎన్నిసార్లు ఎవరి పేరు తలుచుకున్నాడో లెక్కపెట్టి నా చేతే రాయించాడు. నాలుగేళ్ళు ఒళ్ళు తుడిచాను, మందులు వేశాను, ఆయన అక్షరం నేర్చుకున్నాను. నా పేరు ఎన్నిసార్లు వచ్చిందని అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. ఆ చీటీ పట్టుకుని ఇవాళ ఆ గదిలో నిలబడే ఏడ్చాను. బీరువాల గది ఆవిడ చూసి మంచినీళ్ళు తెచ్చి, పోనీలెండి, చెల్లెలు చేసిన దానికి మీరెందుకమ్మా ఏడవడం అంది.

మంచినీళ్ళు తాగాను.

గోతాంలో వేశాను.

ఆగస్టు 7

రెండువేల ఆరువందల నలభై చీటీలూ లెక్క సరిపోయాయి. ఇవేవీ ప్రామాణికం కావని పత్రం మీద సంతకం పెట్టాను. కాగితం ముక్కలు చేసే యంత్రం దగ్గరికి గోతాలు నాలుగూ వెళ్ళాయి. ఆ చప్పుడు నా గదిలోకి వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు.

ఆగస్టు 19

చిన్నది మళ్ళీ ఫోన్ చేసింది. ఏరేశారా అని అడిగింది. అయిపోయిందన్నాను. సరే అక్కా అని పెట్టేసింది. సరే ఏమిటో నాకు అర్థం కాలేదు. తిడితే సరిపోయేది.

సెప్టెంబరు 30

కామా గారికి వీడ్కోలు అయింది. అచ్చుకి వెళ్ళే ముందు స అక్షరం ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. నా పేరు మొదటి పేజీలో ఉంది. నాన్న పేరు దాని కింద ఉంది, దానికి ఏమీ కాలేదు. చిన్నదే కాపాడింది.

నూట నలభై ఆరో పేజీ.

సందె: పగలూ రాత్రీ కలిసే వేళ, సాయంకాలం. ప్రార్థన అనే అర్థంలో విడిగా ప్రయోగం లభించలేదు.

రెండుసార్లు చదివాను. తప్పులేమీ లేవని రాసి పంపించాను.